ఏరి పారేస్తున్న గింజలో ఏముంది? రేషన్ బియ్యంపై వీడని ‘ప్లాస్టిక్’ అపోహ

రేషన్ బియ్యం ఇంటికి రాగానే చాటలో పోసుకుని, కాస్త తేడాగా కనిపించే గింజల్ని ఏరి పారేయడం చాలా ఇళ్లలో ఆడవాళ్లకు అలవాటైపోయింది. ‘ఇవి ప్లాస్టిక్ బియ్యమంట’ అనే మాట వాట్సాప్‌లో తిరిగి తిరిగి చివరకు నమ్మకంగా కుదురుకుంది. భట్టిప్రోలు, రేపల్లె, తెనాలి వైపు ఊళ్లూ దీనికి మినహాయింపు కాదు. చిక్కేమిటంటే, పారేస్తున్న ఆ గింజను కలిపిందే ముఖ్యంగా ఆడవాళ్ల కోసం, పిల్లల కోసం.

దీన్ని పోషకాలు కలిపిన బియ్యం, అంటే ఫోర్టిఫైడ్ రైస్ అంటున్నారు. 2021 ఆగస్టు 15న ప్రధాని ఈ పథకాన్ని ప్రకటించారు. 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దాన్ని 2028 డిసెంబరు దాకా కొనసాగించడానికి రూ.17,082 కోట్లు కేటాయించింది. తయారీలో రహస్యమేమీ లేదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, సేమియా ఒత్తినట్టు యంత్రంలో ఒత్తి, బియ్యపు గింజ ఆకారంలో కోస్తారు. 100 కిలోల మామూలు బియ్యంలో ఒక కిలో ఇవి కలుపుతారు. పిండితో చేసినవి కాబట్టి రంగులో తేడా ఉంటుంది, కొన్ని నీళ్లలో తేలతాయి. అనుమానం పుట్టేది అక్కడే.

వీడియోల్లో చూపించే ‘పరీక్షలు’ కూడా నిలవవు. అన్నం ముద్ద చేసి నేలకు కొడితే ఎగిరిందంటే అది పిండిపదార్థం జిగురు. మంట పెడితే నల్లగా మాడిందంటే ఏ బియ్యమైనా అంతే. అసలు కిలో ప్లాస్టిక్ ధర కిలో బియ్యం ధర కంటే ఎక్కువ. నష్టానికి కల్తీ చేసేవాడు ఎవడుంటాడు? బి12 అంటే జంతువుల నుంచి తీస్తారేమో, హలాలేనా అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఫ్యాక్టరీల్లో బి12ను సూక్ష్మజీవుల ద్వారా పులియబెట్టే పద్ధతిలో తయారుచేస్తారు.

ఈ ప్రాంతంలో అపోహ త్వరగా అంటుకోవడానికి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. ఇది సన్నబియ్యం పుట్టిన నేల. దేశమంతా తినే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204, 1986లో బాపట్ల వరి పరిశోధన కేంద్రం నుంచే వచ్చింది. ‘బీపీటీ’ అనే పేరులోనే బాపట్ల ఉంది. తెల్లగా, సన్నగా ఉంటేనే మంచి బియ్యం అనుకునే చోట స్టోరు బియ్యానికి మొదటి నుంచీ మర్యాద తక్కువే. నిజానికి ఎంత పాలిష్ పడితే తవుడుతో పాటు అంత ఇనుము, బి విటమిన్లు పోతాయి.

మరి అవసరం ఎంత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల మహిళల్లో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో 63.2 శాతం. ‘మేం గోష్ తింటాం, మాకెందుకు వస్తుంది’ అనే ధీమా మన ఇళ్లలో కనిపిస్తుంది. వారానికోసారి వండితే, ముక్కలు మగవాళ్లకీ పిల్లలకీ వడ్డించాక అమ్మీకి మిగిలేది సాలన్, అన్నం. ఆ వెంటనే ఒక చాయ్. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు తాగొద్దని ఐసీఎంఆర్ 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో ఉంది, ఎందుకంటే టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఐరన్ మాత్రలు ‘వేడి’ చేస్తాయని, మలం నల్లగా వస్తోందని భయపడి మానేసేవాళ్లూ తక్కువేం కాదు. నల్లబడటం మాత్ర వల్లే, అందులో ప్రమాదమేమీ లేదు.

అయితే ఈ బియ్యం తింటే చాలు రక్తం పడుతుందని చెప్పడం కూడా అతిశయోక్తే. ఇనుము కలిపిన బియ్యం వల్ల రక్తహీనత పెద్దగా తగ్గకపోవచ్చని 2019 కోక్రేన్ సమీక్షలో తేలింది. ఆకుకూర, పప్పు, గుడ్డు, పక్కన ఒక నిమ్మచెక్క, గర్భిణులకు మాత్రలు తప్పవు. తలసేమియా ఉన్న పిల్లల తల్లిదండ్రులు మాత్రం డాక్టర్‌ను అడిగే వాడాలి.

ఈ అపోహతో లాభపడేది ఎవరన్నది ఆలోచించాల్సిన విషయం. ‘ప్లాస్టిక్’ అని విసుక్కుని చౌకగా అమ్మేసిన బియ్యం దళారుల చేతికి పోతోంది. 2024 నవంబరు 29న ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కాకినాడ తీరంలో పరిశీలించడానికి వెళ్లిన స్టెల్లా ఓడ పశ్చిమ ఆఫ్రికాకు బియ్యం తీసుకెళ్లాల్సింది. అందులో రేషన్ బియ్యం దొరకడం రాష్ట్రమంతా పెద్ద దుమారం రేపింది.

పురుగు పట్టిన, ముక్కిన వాసన వచ్చే బియ్యం ఇస్తే అది వేరే సంగతి. అది అపోహ కాదు, హక్కుగా చేయాల్సిన ఫిర్యాదు. 1967కు ఫోన్ చేయొచ్చు, తహసీల్దారు ఆఫీసులో రాసివ్వొచ్చు.