అందరూ జూన్‌లోనే పుట్టారా?

మీ బడిలో నలభై యాభై ఏళ్ళనాటి అడ్మిషను రిజిస్టరు భద్రంగా ఉంటే, హెడ్మాస్టరుగారి అనుమతితో ఒకసారి తిరగేయండి. పుట్టినతేదీల వరుసలో జూన్, జూలై నెలలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో సగంమంది పిల్లలు తొలకరి వానలతోపాటే భూమ్మీదికి వచ్చారా అనిపిస్తుంది!

అసలు సంగతి వేరు. బళ్ళు తెరిచేది జూన్‌లో. చేరే పిల్లవాడికి అయిదేళ్ళు నిండాలి. తల్లిని అడిగితే “ఉప్పెన వచ్చిన ఏడు, పత్తి తీతలప్పుడు పుట్టాడండీ” అనేది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఆ లెక్కన 1982 జూన్‌కి పిల్లవాడికి నాలుగేళ్ళ ఏడు నెలలే. మేష్టారు దయతలచి 1977 జూన్ అని రాసేవారు. పిల్లవాడు బడిలో చేరాడు. కాని అతని అసలు పుట్టినరోజు ఆ క్షణాన మాయమైపోయింది.

ఇందులో ఏం నష్టం అంటారా? రెండు నష్టాలున్నాయి. మొదటిది విజ్ఞానశాస్త్రానికి.

మనుషుల పుట్టుకలు ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండవు. బెల్జియం దేశపు గణిత శాస్త్రజ్ఞుడు కెతలే 1820ల్లోనే నెలవారీ జననాలు లెక్కవేసి, అక్కడ చలికాలం చివర ఎక్కువమంది, వేసవిలో తక్కువమంది పుడుతున్నారని చూపాడు. నేటి అమెరికాలో జూలై నుంచి సెప్టెంబరు వరకు ఎక్కువ. మన దేశంలో వానాకాలం చివర, శరదృతువులో ఎక్కువ. ఎండలు మొదలయ్యే నెలల్లో తక్కువ.

కారణం ఏమిటి? తొమ్మిది నెలలు వెనక్కి లెక్కపెట్టండి. సెప్టెంబరులో పుట్టిన బిడ్డ తల్లి కడుపున పడింది డిసెంబరులో, చల్లని రోజుల్లో. ఫిబ్రవరి బిడ్డకైతే అది మండువేసవి. బాగా వేడిగా ఉన్న రోజుల తరువాత 8 నుంచి 10 నెలలకు జననాలు తగ్గుతున్నట్లు అమెరికా లెక్కల్లో తేలింది. రెంటచింతల ఎండ ఎరిగిన మనకు ఇది వింతగా తోచదు. అయితే ఎండ ఒక్కటే కారణం కాదు. పెళ్ళి ముహూర్తాలు ఏ నెలల్లో పడతాయి, పనుల కోసం ఎవరు ఎప్పుడు ఊరు విడిచి వెళతారు అన్నవి కూడా చూడాలి.

మన ఆషాఢం ఆచారాన్నే తీసుకోండి. కొత్త కోడలిని ఆ నెల పుట్టింటికి పంపుతారు. ఆషాఢంలో కడుపు పండితే సుమారుగా మార్చి, ఏప్రిల్ నెలల్లో పురుడు వస్తుంది. పసిగుడ్డు వెంటనే నడివేసవిని ఎదుర్కోవాలి. అందుకే ఈ ఏర్పాటు అని కొందరు పెద్దలు చెబుతారు. వినడానికి సబబుగానే ఉంది. కాని ఈ ఆచారం కొత్త దంపతులకే గదా! ఊళ్ళోని మొత్తం జననాల తీరును ఇదొక్కటే మార్చలేదు. ఆచారాన్ని చూసి నవ్వడమూ తప్పే, “శాస్త్రీయం” అని చంకలు గుద్దుకోవడమూ తప్పే. లెక్కపెట్టి చూడడమే శాస్త్రం.

లెక్కలోనూ మెలకువ కావాలి. ఫిబ్రవరికి 28 రోజులే కనుక, జనవరితో పోలిస్తే జననాలు నూటికి పదిదాకా తగ్గినట్లు ఊరికే కనిపిస్తుంది. రోజుకు ఎందరు అని చూడాలి. ఏడాదికి 120 మంది పుట్టే ఊళ్ళో సగటున నెలకు పదిమంది. ఒక నెల ఏడుగురు, మరొక నెల పదమూడుగురు పుట్టడం కేవలం యాదృచ్ఛికం కావచ్చు. చాలా ఊళ్ళు, చాలా ఏళ్ళు కలిపితేగాని అసలు తీరు బయటపడదు. మేష్టారు దయతో రాసిన జూన్ తేదీలు కలిస్తే ఆ లెక్కంతా నీళ్ళపాలే.

రెండో నష్టం ఇంతకన్న పెద్దది. అది బిడ్డకే జరుగుతుంది.

ఏటా పత్తి తీతలకు, మిరపకాయ కోతలకు కర్నూలు పడమటి పల్లెలనుంచి, ఆదోని, కోసిగి వైపునుంచి, కుటుంబాలు పిల్లాపాపలతో మన పొలాలకు వలస వస్తాయి. చేలగట్టున వేసుకున్న గుడారాల్లో నెలల తరబడి ఉంటాయి. అక్కడ బిడ్డ పుడితే ఎవరు రాయించాలి? 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం, బిడ్డ ఎక్కడ పుడితే అక్కడే నమోదు కావాలి. 21 రోజుల్లో చెబితే రుసుము లేదు. పని తొందరలో ఆ గడువు దాటితే తిప్పలు మొదలవుతాయి.

ఆ తేదీ లేకపోతే ఏమవుతుంది? పదమూడేళ్ళ పిల్లను పనిలో పెట్టి “పదిహేను” అనవచ్చు. పదహారేళ్ళ పిల్లకు పెళ్ళి చేసి “పద్ధెనిమిది నిండాయి” అనవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 29 మందికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళి అయింది. సరైన పుట్టినతేదీ ఆడపిల్ల చేతిలో ఒక డాలు వంటిది. అది ఒక్కటే ఆమెను కాపాడలేకపోవచ్చు. అది లేకపోతే కాపాడదలచినవారి చేతులు కూడా కట్టేసినట్లే.

ఇప్పుడు పరిస్థితి మెరుగైంది. ఎక్కువ పురుళ్ళు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. 2023 అక్టోబరు 1 తరువాత పుట్టినవారికి బడిలో చేరడం మొదలు అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. మంచిదే. కాని పత్రం లేదన్న సాకుతో వలస కూలీ బిడ్డను బడి గుమ్మంలోనుంచి పంపివేయరాదు. తేదీ కోసం బడి ఆగకూడదు, బడి కోసం తేదీ మారకూడదు. చేలవద్దకే వెళ్ళి జననాలు రాసుకునే ఏర్పాటు కోతల కాలంలో పంచాయతీలు చేయాలని నా అభిప్రాయం. మిరపకాయ టిక్కీలను ఒక్కొక్కటీ లెక్కించే మనం, మనిషి బిడ్డను లెక్కించలేమా?

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. మీ అమ్మమ్మ, తాతయ్య, ఇరుగుపొరుగు పెద్దలు అసలు ఏ కారులో, ఏ పని సాగుతుండగా పుట్టారో అడిగి రాసుకోండి. పక్కనే కాగితం మీది తేదీ రాయండి. రెండూ ఎంతమందికి కలిశాయో చూడండి. తరువాత మీ ఇంట్లోగాని, మీ వాడలోగాని ఈ ఏడు పుట్టిన పాపాయి పేరు నమోదయిందో లేదో కనుక్కోండి. కాకపోతే, 21 రోజులు నిండకముందే పెద్దలకు గుర్తుచేయండి.