మధ్య వాతావరణపు గాలులు – ఆదోని నేల పదును

మృగశిర కార్తెలో తొలి వాన పడగానే ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల రైతు విస్తరణ శాస్త్రవేత్తను అడిగేది ఒక్కటే: ఈ పదునుకు గొర్రు కట్టవచ్చునా? సమాధానంగా ఋతుపవనాల దీర్ఘకాలిక అంచనాను వినిపించడం తేలిక. ఆ అంచనాకు ఆధారమైన సంబంధాలు ఎంత గట్టివో తెలుసుకొని చెప్పడం కష్టం. ఉష్ణమండల స్ట్రాటో ఆవరణంలోని గాలుల డోలనం ఇందుకు తగిన ఉదాహరణ.

1883లో క్రకటోవా అగ్నిపర్వత ధూళి పడమరకు సాగడం చూసి భూమధ్యరేఖపై ఎత్తైన పొరల్లో తూర్పు గాలులే వీస్తాయని భావించారు. 1908లో ఆఫ్రికాలో బెర్సన్ ఎగురవేసిన బెలూన్లు పడమటి గాలులను చూపాయి. రెండూ నిజమేనని, ఆ గాలులు సగటున 28 నెలల చక్రంలో దిశ మార్చుకుంటాయని 1960 దశకం తొలినాళ్లలో రీడ్, ఎబ్డన్‌ల విశ్లేషణలతో గాని తేలలేదు.

ఈ డోలనానికి మూలం దిగువనే ఉన్నది. ఉరుముల మేఘాలలో పుట్టిన తరంగాలు ద్రవ్యవేగాన్ని పైకి మోసుకుపోయి, తమ వేగానికి దగ్గరి వేగంతో వీచే గాలిపొరలో దానిని విడిచిపెడతాయి. అందువల్ల దిశ మారిన గాలి నెలకు సుమారు ఒక కిలోమీటరు చొప్పున కిందికి దిగుతుంది. అయితే ఉష్ణమండలంలో నెమ్మదిగా పైకి లేచి ధ్రువాల వైపు సాగే బ్రూవర్–డాబ్సన్ ప్రసరణ ఆ దిగుదలకు అడ్డుపడుతుంది. ఏటికి ఎదురీదేవాని గమనం వంటిదే ఇది. ప్రవాహం బలపడితే ఈత మందగిస్తుంది. తరంగాలను మాత్రమే బోధించి ప్రసరణను విడిచిపెడితే విద్యార్థికి అందేది సగం విషయమే. గాదంకి రాడారు మన రాష్ట్రంలోనే ఉండగా ఈ పాఠం పుస్తకానికే పరిమితం కానవసరం లేదు.

భారత వాతావరణ శాఖ వాడిన 16 అంశాల నమూనాలో స్ట్రాటో ఆవరణపు గాలులకూ చోటు ఉండేది. 2002లో ఆ నమూనా దేశానికి సగటులో 101 శాతం వర్షం సూచించగా కురిసింది 81 శాతమే. మరుసటి ఏడాది నమూనాను మార్చారు. ఆ వైఫల్యాన్ని పైగాలుల మీదకే నెట్టడం న్యాయం కాదు. కాని సహసంబంధం కారణం కాదన్నది మరువరాదు. పైగా ఎంతో క్రమబద్ధమని పేరుపడిన ఈ డోలనమే 2016లో, మళ్లీ 2019–20లో గతి తప్పింది. మధ్య అక్షాంశాల నుంచి వచ్చిన తరంగాలు దానిని భంగపరచాయి.

ఆదోని సుమారు 15.6 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నది. భూమధ్యరేఖ వద్ద కనిపించే డోలన బలం అక్కడికి చేరేసరికి చాలావరకు సన్నగిల్లుతుంది. ఇక నేలకు వస్తే, లోతైన నల్లరేగడిలో పత్తి మొలక కొన్నాళ్ల బెట్టను తట్టుకుంటుంది. పలుచని ఎర్రనేలలో వేరుశనగకు ఆ వెసులుబాటు లేదు. తప్పు సలహాతో మొలక ఎండితే రెండోసారి విత్తనం కొనవలసినది రైతే. కనుక దేశమంతటికీ చెప్పిన శాతాన్ని ఒక చేనికి అన్వయించకముందు, తడి ఎన్ని అంగుళాలు దిగిందో మట్టి తవ్వి చూడాలి. రానున్న అయిదు రోజుల సూచన పరిశీలించాలి. గొర్రు విషయం ఆ తరువాతనే చెప్పాలి.