నమ్మకం అడిగేవారు ముందు నిజం చెప్పాలి

గర్భనిరోధక సూదిమందు గురించి ముస్లిం స్త్రీ ఒక్క ప్రశ్న అడిగితే చాలు, ‘ఇది మతమౌఢ్యం’ అనే తీర్పు సిద్ధంగా ఉంటుంది. ఆ ప్రశ్న మౌఢ్యం నుంచి పుట్టింది కాదు, అనుభవం నుంచి పుట్టింది.

1985లో హైదరాబాదు శివార్లలోని పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే హార్మోను సూదిమందు ప్రయోగానికి శిబిరం పెట్టారు. అది ఇంకా పరీక్షల్లో ఉన్న మందు అన్న సంగతి అక్కడికి వచ్చిన పేద స్త్రీలకు తెలియదు. స్త్రీ శక్తి సంఘటన కార్యకర్తలు నిలదీశారు. 1986లో సుప్రీంకోర్టుకు వెళ్లారు. వారిది ఏ మతమౌఢ్యం?

1993లో డెపో ప్రొవెరా అనే మరో సూదిమందుకు మన దేశంలో అనుమతి లభించింది. మహిళా సంఘాలు అప్పుడూ అభ్యంతరం చెప్పాయి. 2017 నుంచి అదే రకం మందును ‘అంతర’ పేరుతో ప్రభుత్వాసుపత్రులలో మూడు నెలలకొకసారి ఉచితంగా ఇస్తున్నారు. ఈ మధ్యకాలంలో ఔషధ నియంత్రణ వ్యవస్థ తన మీద నమ్మకం పెంచుకున్నదా? 2008 జనవరి నుంచి 2010 అక్టోబరు వరకు 33 మందులకు భారతీయ రోగులపై పరీక్షలు లేకుండానే అనుమతులిచ్చారని 2012లో పార్లమెంటరీ స్థాయీ సంఘమే తప్పుపట్టింది.

ఈ సూదిమందు వల్ల ఎముకల సాంద్రత తగ్గవచ్చని, ఇతర పద్ధతులు సరిపడనప్పుడు తప్ప రెండేళ్లకు మించి వాడరాదని 2004లోనే అమెరికా నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో హెచ్చరిక చేర్పించింది. ఏడాదికి మించి వాడినవారిలో మెనింజియోమా అనే మెదడు పొర కణితి ముప్పు సుమారు 5.6 రెట్లు ఎక్కువని 2024లో ఫ్రాన్సు పరిశోధకులు తేల్చారు. ఆ కణితి అరుదైనదే. అయినా ఆ మాట స్త్రీకి చెప్పవలసిందే.

మన ఇళ్లలో తిరిగే పుకార్లకూ ఇదే నియమం వర్తిస్తుంది. సూది వేయించుకుంటే శాశ్వతంగా గొడ్రాలవుతుందన్నది అబద్ధం. మందు ఆపాక మళ్లీ గర్భం రావడానికి కొన్ని నెలలు ఆలస్యం కావచ్చు, అంతే. ఎందరో స్త్రీలకు ఈ మందు ఉపయోగపడుతున్నది. కనుక మేము నిషేధం కోరడం లేదు. నిజం కోరుతున్నాము.

మన జనాభా పెరుగుదల గురించి భయం పుట్టించేవారికీ ఒక మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం ముస్లిం స్త్రీల సగటు సంతానం 1992-93లో 4.4 ఉండగా, 2019-21 నాటికి 2.36కు తగ్గింది. మన స్త్రీలు తమ నిర్ణయం తాము తీసుకుంటున్నారు. ఆ నిర్ణయానికి కావలసిన సమాచారాన్ని దాచే హక్కు ఎవరికీ లేదు.

సూది వేసే ముందు లాభనష్టాలను తెలుగులోనూ ఉర్దూలోనూ రాతపూర్వకంగా ఇవ్వాలి. చదువు రానివారికి చదివి వినిపించాలి. ఏ పద్ధతి ఎంచుకోవాలన్నది స్త్రీకే వదలాలి. దుష్ప్రభావం కనిపిస్తే వైద్యుడికి చెప్పడంతో ఆగకుండా 1800-180-3024 అనే ఉచిత నంబరులో నమోదు చేయించాలి. మన సంఘాలు, మహిళా కార్యకర్తలు ఈ పనిని వాడవాడలా చేపట్టాలి.

ఒకసారి ఒంట్లోకి ఎక్కిన మందును మూడు నెలల దాకా వెనక్కి తీయలేము. అందుకే ప్రశ్న సూదికి ముందే రావాలి, జవాబు కూడా ముందే రావాలి.