ఎక్స్‌గ్రేషియా కాదు, నెలనెలా పెన్షన్ కావాలి



వేసవి వస్తే మన మారేడుమిల్లి, రంపచోడవరం కొండల మీద మంటలు లేస్తాయి. రాజమండ్రి హాస్టల్లో ఉన్న మనకి ఇంటి నుంచి ఫోన్: "నాన్న మంట ఆర్పడానికి కొండెక్కాడు." చేతిలో పచ్చికొమ్మ, కాళ్లకి చెప్పులు. అంతే.

1927 నాటి భారత అటవీ చట్టం 79వ సెక్షన్ చదవండి. అడవిలో హక్కులున్నవాళ్లు మంట ఆర్పడానికి సాయం చేసి తీరాలి. చేయకపోతే నెల వరకు జైలు, లేదా 200 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మరి వెళ్లినవాడు కాలిపోతే? అతని పెళ్లాం పిల్లల గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు.

"మా ఉద్యోగి కాదు, ఇష్టపడి వచ్చాడు" అంటారు. రాకపోతే నేరం, వచ్చి చస్తే స్వచ్ఛందమా?

2024 జూన్ 13న ఉత్తరాఖండ్‌లోని బిన్సర్ అడవిలో మంట ఆర్పడానికి వెళ్లి నలుగురు చనిపోయారు. వాళ్లలో బీట్ ఆఫీసరూ ఉన్నాడు, రోజుకూలీ కూడా ఉన్నాడు. ఇద్దర్నీ కాల్చింది ఒకటే మంట. కానీ మన దేశంలో పర్మినెంట్ ఉద్యోగి కుటుంబానికి నెలనెలా పెన్షన్, కూలీ కుటుంబానికి ఒక్కసారి ఇచ్చే ఎక్స్‌గ్రేషియా. ఆ డబ్బు అప్పులకే పోతుంది. పిల్లల చదువు మాత్రం ఏళ్ల తరబడి నడవాలి కదా!

ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు రెండు పనులు చేద్దాం. పేరు, తేదీ రిజిస్టర్‌లో రాయించకుండా ఎవరూ మంటకి వెళ్లొద్దని పెద్దలకి చెబుదాం. రేపు అదే సాక్ష్యం. పీసా గ్రామసభలో పెన్షన్ తీర్మానం చేయించి ఐటీడీఏ పీఓకి ఇద్దాం.

అడవి మనది, మంట ఆర్పుతాం. మన ప్రాణం మాత్రం చవక కాదు.

జై ఆదివాసీ!