డంపరు వేగంతో పాటు దారినీ లెక్కించాలి

కల్లూరు రెవెన్యూ డివిజన్‌లోని సత్తుపల్లిలో సింగరేణికి జేవీఆర్, కిష్టారం ఓపెన్‌కాస్టు గనులున్నాయి. ఏళ్ల తరబడి ఇక్కడి బొగ్గు లారీల మీద కొత్తగూడెం వైపు వెళ్లేది. 2022లో భద్రాచలం రోడ్–సత్తుపల్లి రైలు మార్గం వచ్చాక ఆ భారం పట్టాల మీదికి మళ్లింది. గని లోపలి రవాణా మాత్రం ఇప్పటికీ డంపర్లదే.

ఓపెన్‌కాస్టులో బొగ్గు కంటే కొన్ని రెట్లు మట్టి ఎత్తిపోయాలి. ఖర్చులో పెద్ద వాటా ఈ మోతకే పోతుంది. గనిలో మెట్టులా తవ్విన ఒక బెంచీలో డంపర్లు బారులు తీరి డీజిల్ కాలుస్తుంటే, పక్క బెంచీలో బండి రాక మట్టి తవ్వి నింపే షావెల్ ఖాళీగా ఉంటుంది. ఎంత అనుభవమున్న ఓవర్‌మన్‌కైనా నిలబడిన చోటు నుంచి గనంతా కనబడదు. ప్రతి బండి జాడా పట్టి, మట్టి పోసి తిరిగొచ్చే డంపరును ఏ షావెల్‌కు పంపాలో అప్పటికప్పుడు చెప్పే కంప్యూటర్ పద్ధతి అందుకే పుట్టింది. 1980ల్లో అమెరికా రాగి గనుల్లో రేడియో సంకేతాలతో మొదలై, జీపీఎస్ వచ్చాక ఊపందుకుని, కోల్ ఇండియా పెద్ద గనులకూ చేరింది.

ఉత్పత్తి పెరగడం మంచిదే. కానీ ఓపెన్‌కాస్టు గనుల్లో ప్రాణాలు ఎక్కువగా పోయేది డంపర్లు, టిప్పర్ల వల్లే. వంద టన్నుల డంపరు క్యాబిన్‌లో కూర్చున్న మనిషికి చక్రం పక్కనే ఆగిన జీపు కనబడదు. రాత్రి షిఫ్టు చివరి గంటల్లో రెప్ప వాలితే, డంపుయార్డు అంచున వెనక్కి నడిపే బండి గట్టు దాటిపోవచ్చు. వెనుక కెమెరా, దగ్గరికొచ్చిన వాహనాన్ని పసిగట్టే పరికరం, కునుకును గుర్తించే హెచ్చరిక ఉండాల్సింది ఇక్కడే.

బండ్ల జాడ పట్టే కంప్యూటర్ స్క్రీన్ మీది లెక్కతో డంపరు ఆపరేటరును తరమడం తేలిక. అదే లెక్క రోడ్డు తప్పును కూడా పట్టిస్తుంది. ఒకే మలుపులో డంపర్లన్నీ గట్టిగా బ్రేకు వేస్తున్నాయంటే సరిచేయాల్సింది ఆ మలుపునే. హాల్‌రోడ్డు వాలు సాధారణంగా 16 అడుగులకు అడుగు మించకూడదు. మించిన చోటికి రోడ్డు చదును చేసే గ్రేడరు వెళ్లాలి, ఆపరేటరుకు మెమో కాదు.

సింగరేణిలో మట్టి పని చాలావరకు కాంట్రాక్టర్లది. కంపెనీ డంపరుకు ఉన్న రక్షణ అదే గనిలో తిరిగే కాంట్రాక్టు టిప్పరుకూ ఉండాలి. హెచ్చరిక పరికరాలు, డ్రైవరు పని గంటల నమోదు టెండరు షరతుల్లోనే చేర్చాలి. ఆ నమోదులు కార్మికులున్న సేఫ్టీ కమిటీ ముందుకు నెలనెలా రావాలి. వానకు రోడ్డు జారుతోందని బండ్లు ఆపిన గంటలకు కాంట్రాక్టు డ్రైవరు కూలి కోయకూడదన్న షరతూ టెండరులో ఉండాలి.