చుంచును ఎచ్చట చేర్చవలెను?

జంతుశాస్త్రము చదువు విద్యార్థికి క్షీరదముల వర్గీకరణ సాధారణముగా కంఠస్థము చేయవలసిన పట్టికగానే కనబడును. క్రమము పేరు, నాలుగు లక్షణములు, రెండు ఉదాహరణములు. అంతటితో పాఠము ముగియును. అట్టి పట్టికలలో చిరకాలము నిలిచిన పేరు 'ఇన్సెక్టివోరా', అనగా కీటకభక్షకులు. నేటి శాస్త్రజ్ఞుల వర్గీకరణలో ఈ పేరుగల క్రమము లేదు. అయినను మన ప్రయోగశాల అల్మరాలోని సీసాలపైనను, చేతులు మారుచు వచ్చు పాత నోట్సులలోను అది చెక్కుచెదరక యున్నది. పేరు మార్చుకొన్నంత మాత్రమున చాలదు. అది ఎందువలన పోయినదో కూడ విద్యార్థులకు చెప్పవలెనని జంతుశాస్త్ర శాఖకు చెందిన మా అభిప్రాయము.

మొదట మన ఇండ్లలో తిరుగు చుంచును తీసికొందము. పొడవైన మూతి, ఆవగింజలవంటి కన్నులు, గోడ వెంబడి పరుగెత్తుచు చేయు సన్నని కీచుధ్వని, అది పోయిన చాలసేపటికిగాని పోని వాసన: ఇవి దాని గుర్తులు. తెలుగున దీనిని చుంచు అనియు, చుంచెలుక అనియు అందురు. కొన్నిచోట్ల చిట్టెలుకకును ఇదే పేరు చెల్లుచున్నది. ఉర్దూలో ఇది ఛఛూందర్. ఛఛూందర్ తలకు చమేలీ నూనె అను సామెత మన ఉర్దూ విద్యార్థులకు తెలిసినదే. ఆ సామెత దాని వాసనను ఎగతాళి చేసినదే కాని, దానిని చూహా అనలేదు. ఈ విషయమున తెలుగు పేరుకంటె ఉర్దూ పేరే శాస్త్రమునకు దగ్గరగా నున్నదని ఒప్పుకొనవలెను. ఎందుకనగా చుంచు ఎలుక కాదు. 1766లో లినీయస్ పండితుడు కూడ దానికి ఎలుకవంటిది అను అర్థము వచ్చు 'మురైనస్' అను జాతినామము నిచ్చెను గాని, ఎలుకల ప్రజాతిలో మాత్రము చేర్చలేదు.

ఎలుక ముందరి పండ్లు ఉలివలె నుండి జీవితాంతము పెరుగుచునే యుండును. అందుచేతనే అది దొరికినదెల్ల కొరుకును. చుంచు పండ్లు అట్టివి కావు. అవి బొద్దింకల గట్టి పెంకులను చీల్చుటకు తగినట్లు మొనదేలి యుండును. అది మన వంటయింటికి వచ్చునది ముఖ్యముగా పురుగులకొరకే. తల్లి వెంట పిల్లలు ఒకదాని తోకమొదలు మరియొకటి నోట పట్టుకొని వరుసగా నడచుట చూచినవారు దానిని మరువలేరు. ఇట్టి జంతువును ఎలుకయని బోనులో పట్టి చంపుచున్నాము.

ఇది మాటల తగవు మాత్రమే యని కొందరు మిత్రులు అనుచున్నారు. కాదని చూపుటకు ఒక్క సంగతి చాలును. ఎలుక వాంతి చేసికొనజాలదు. కనుక వాంతులను అరికట్టు మందులను ఎలుకపై పరీక్షించుట కష్టము. చుంచుకు ఆ శక్తి కలదు. 1987లో జపాను శాస్త్రజ్ఞులు ఈ విషయమును ప్రకటించిన పిమ్మట, ప్రయాణపు వాంతులను, క్యాన్సరు మందులవలన కలుగు వాంతులను పరిశీలించుటకు ఈ చిన్న జంతువు ప్రయోగశాలలలో స్థానము సంపాదించెను. దానిని ఎలుకగా భావించి వదలిపెట్టినయెడల ఈ మేలు జరిగెడిది కాదు.

ఇక చరిత్రకు వత్తము. 1758లో లినీయస్ తన గ్రంథముయొక్క పదవ ముద్రణలో పంది, ఆర్మడిల్లో, ముళ్ళుగల హెడ్జ్‌హాగ్, నేలత్రవ్వు మోల్, చుంచు, ఒపోసమ్ అను వానినన్నిటిని ఒకే క్రమమున చేర్చెను. పందికిని చుంచుకును పొత్తు ఏమి యని నేడు నవ్వుకొందుము. కాని మనము మాత్రము ఎలుకల వర్గమునకు చెందిన ఏదును ముళ్ళపంది యని పిలుచుటలేదా? మూతిని చూచి పేరు పెట్టుట మనుష్యస్వభావము.

పందొమ్మిదవ శతాబ్దారంభమున ఫ్రెంచి పండితుడు కువియే కీటకములను తినువానిని ఒక గుంపుగా విడదీసెను. 1821లో బౌడిచ్ 'ఇన్సెక్టివోరా' అను పేరు వాడెను. తిండినిబట్టి పెట్టిన ఈ పేరే తికమకకు మూలము. మన అడవులలోని అలుగు చీమలను, చెదలను తప్ప వేరొకటి ముట్టదు. అయినను అది ఈ క్రమమున లేదు. గబ్బిలములలో అనేకము రాత్రియెల్ల పురుగులను పట్టి తినును; అవియు లేవు. ఎలుగుబంటి చెదపుట్టలను త్రవ్వి తినుట మన కొండప్రాంతముల వారికి క్రొత్తకాదు. మరి ఈ క్రమమున చేరినవి ఎట్టివి? చిన్న మెదడు, పొడవైన మూతి, అరికాలు నేలకానించి నడచుట, ప్రత్యేకత లేని పండ్లు. వీనిలో చాలవరకు ప్రాచీన క్షీరదములనుండి మిగిలిన లక్షణములే. అందుచేతనే 1880లో హక్స్‌లీ ఇట్టి జంతువులను తక్కిన క్షీరదములకు మూలరూపములకు సన్నిహితములుగా భావించెను. కాని ఒక ఇంటిలో పాతసామానులు మిగిలియున్నవని, మరియొక ఇంటిలోను మిగిలియున్నవని, ఆ రెండిండ్ల వారు దాయాదులగుదురా? నిజము చెప్పవలెనన్న, ఈ క్రమము ఇల్లాలు ఎచ్చట పెట్టవలెనో తోచని వస్తువునెల్ల పడవేయు అటకవంటిదైనది.

ఆ అటకను మొదట సర్దబూనినవాడు జర్మను శాస్త్రజ్ఞుడు హెకెల్. చిన్నప్రేవు పెద్దప్రేవును కలియుచోట నుండు తిత్తిని అంధనాళ మందురు. 1866లో ఆయన అది గలవానిని, లేనివానిని రెండు భాగములు చేసెను. చుంచు, మోల్, హెడ్జ్‌హాగ్ లేనివానిలో చేరెను. చెట్లనెక్కు ట్రీ ష్రూలును, ఆఫ్రికాలోని పొడవుమూతి ఏనుగు చుంచులును కలవానిలో చేరెను. బయటి మూతిని విడిచి లోపలి ప్రేవును చూచుట ఆనాటికి గొప్ప ముందడుగు.

ఈ ట్రీ ష్రూల కథలో మన ఆంధ్రదేశమునకు పాలు కలదు. కడప నెల్లూరుల నడుమనున్న కొండలలో దొరికిన ఒక ట్రీ ష్రూను వాటర్‌హౌస్ అను శాస్త్రజ్ఞుడు వర్ణింపగా, ఆ వర్ణన 1850లో అచ్చుపడెను. అతడు దానికి వాల్టర్ ఎలియట్ పేరు పెట్టెను. 1845లో అమరావతి శిల్పములను త్రవ్వించి మద్రాసునకు చేర్చిన ఎలియట్ దొర ఈయనయే. చూచుటకు ఆ జంతువు ఉడుతయే. 1913లో దాని ప్రజాతికి 'అనథాన' అను పేరు పెట్టినప్పుడును వెదురు ఉడుత యను అర్థముగల తమిళపు మాటనుండియే గ్రహించిరి. కొంతకాలము అది కీటకభక్షకులలో నుండెను. 1920 తరువాత లె గ్రోస్ క్లార్క్ ట్రీ ష్రూల కపాలమును, మెదడును పరిశీలించి అవి కోతులకు దగ్గరివనెను. 1945లో సింప్సన్ తన ప్రసిద్ధ వర్గీకరణలో వానిని కోతులు, మానవులు ఉండు ప్రైమేటుల క్రమముననే చేర్చెను. పిమ్మట ఆ పోలికలు చాలవని తేలి, 1972లో బట్లర్ మొదలగువారు వానిని ప్రత్యేక క్రమముగా గుర్తించిరి. ఇన్ని స్థానములు మారిన ఆ జంతువు తన కొండలలో పురుగులను, పండ్లను తినుచు ఎప్పటివలెనే యున్నది.

అసలు దెబ్బ 1998లో తగిలెను. స్టాన్‌హోప్ మొదలగువారు జన్యుపదార్థమును పోల్చి చూడగా, ఆఫ్రికాలోని బంగారు మోల్, మడగాస్కరులోని టెన్రెక్ అను జంతువులు చుంచునకు గాని, హెడ్జ్‌హాగ్‌నకు గాని దగ్గరివి కావని తేలినది. వాని బంధువులు ఏనుగు, సముద్రపు ఆవు, ఆర్డ్‌వార్క్! ఏనుగు చుంచులును ఆ వంశమువే. ఎగతాళికి పెట్టినట్లున్న ఆ పేరు చివరకు నిజమైనది. నేలలో సొరంగములు త్రవ్వి బ్రతుకు జంతువునకు బలమైన గోళ్ళు, చూపులేని కన్నులు, కుదురైన దేహము అవసరము. యూరపులోని మోల్, ఆఫ్రికాలోని బంగారు మోల్, ఆస్ట్రేలియాలోని సంచి మోల్ ఈ రూపమును వేరువేరుగా పొందినవి. ఒకే వృత్తి చేయువారి చేతులు ఒకే విధముగా కాయలు కాచినట్లే ఇదియును. మరుసటి సంవత్సరము, మిగిలిన చుంచు, మోల్, హెడ్జ్‌హాగులకును, క్యూబా, హిస్పానియోలా దీవులలో గాడిగల పంటితో విషమెక్కించు సోలెనోడాన్‌నకును కలిపి 'యూలిపోటిఫ్లా' అను పేరు ఏర్పడెను. నాలుగువందలకు పైబడిన జాతులుగల ఈ క్రమమున అత్యధికభాగము చుంచులే.

నేడొక మాట, రేపొక మాట చెప్పు ఈ శాస్త్రమును ఎట్లు నమ్ముదుమని ఒక విద్యార్థి మమ్ము ప్రశ్నించెను. ప్రశ్న సమంజసమైనదే. హెకెల్ ప్రేవులను చూచెను, క్లార్క్ మెదడును చూచెను, స్టాన్‌హోప్ జన్యువులను చూచెను. ఒకరు తప్పుగా చేర్చినది మరియొకరికి తెలియుటకు మొదటివారు తమ ఆధారమును స్పష్టముగా వ్రాసియుంచుటయే కారణము. ఆధారము లేకుండ పేరు మాత్రము బట్టీపట్టు మన పద్ధతిలో తప్పు కూడ బయటపడదు. 'ఇన్సెక్టివోరా లక్షణములు వ్రాయుము' అను ప్రశ్నకన్న, 'చుంచును ఎలుకలనుండి ఏల విడదీసిరి' యను ప్రశ్న వెయ్యిరెట్లు మేలు.

కళాశాల సంఘమువారికి మా విన్నపము స్వల్పమైనది. అల్మరాలోని పాత చీటీలను చించివేయవద్దు. వాని క్రింద క్రొత్త చీటీ అతికించి, మారిన పేరును, మార్చిన సంవత్సరమును, ఏ ఆధారమున మార్చిరో ఒక వాక్యమును తెలుగునను ఉర్దూలోను వ్రాయింపవలెను. సీసా చూచిన విద్యార్థికి రెండు చీటీల నడుమ శతాబ్దపు వాదము కనబడును. పండ్లను చూచుటకు మంచి భూతద్దములు అరడజను కొనవలెను. పైకము ఎక్కువ కాదు. ఇక మా శాఖలోని చుంచు నమూనా ఇన్నాళ్ళు ఎలుకల అరలోనే యున్నది. దానిని తీసి వేరొక అరలో నుంచుటకు ఏ తీర్మానమును అక్కరలేదు గనుక, ఈ సంచిక అచ్చగు లోపల ఆ పని మేమే చేయుదుము.