డల్లాస్‌లోని మనవరాలికీ, ఇక్కడి పిల్లలకీ

అమ్మలూ,

శనివారాలు మీ చర్చి వాళ్లతో కలిసి మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలకి సరుకులు పంచుతున్నావనీ, వాళ్ల పిల్లల స్కూలు కాగితాలు నింపిపెడుతున్నావనీ మీ అమ్మ చెప్పింది. స్పానిష్ కూడా నేర్చుకుంటున్నావట. దేవుడు నిన్ను చల్లగా చూడాలి తల్లీ. ఆ తల్లుల జబ్బు సంగతి డాక్టరుకి ఇంగ్లీషులో చెప్పడానికి బడికెళ్లే కొడుకే దిక్కవుతున్నాడని నువ్వు బాధపడ్డావట కదా, ఈ బాధ మన బరంపురానికి కొత్త కాదు. అందుకే ఈ ఉత్తరం నీతోపాటు ఇక్కడి నీ ఈడు పిల్లలూ చదవాలని రాస్తున్నాను.

1936 ఏప్రిల్ 1న మన బరంపురం ఉన్న గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒడిశాలో కలిసింది. మన ఇళ్లు ఉన్నచోటే ఉన్నాయి, కచేరీ భాష మారిపోయింది. చదువుకున్నవాళ్లు ఒడియా పట్టేశారు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి ఒడ్డున వలలు లాగే మన తెలుగువాళ్లకి, ఒడియావాళ్లు నోలియాలని పిలిచేవాళ్లకి, అది అంత సులువు కాలేదు. రేషన్ కార్డు నుంచి ఆసుపత్రి చీటీ దాకా ఎవరో ఒకరు చదివి చెప్పాల్సిందే.

అసలు మన ఊళ్లో క్రైస్తవ సంఘం పని మొదలైందే ఇలా దిక్కులేనివాళ్లకి తోడు నిలబడడంతో. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండు నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు ప్రసంగాలు చేశారు, నిజమే. కానీ కొండల్లో మెరియా అనే నరబలి నుంచి దొరలు విడిపించిన పిల్లలు దిక్కులేక నిలబడితే, వాళ్లని తెచ్చుకుని అన్నం పెట్టి అక్షరాలు దిద్దించారు. 1866 కరువులో అనాథలైన పిల్లలకీ నీడ ఇచ్చారు. ఆడవాళ్లు మగ డాక్టరుకి చెయ్యి చూపించని కాలంలో ఆ మిషన్ వాళ్లే ఆడవాళ్లకీ పిల్లలకీ ఆసుపత్రి పెట్టారు. ఆ క్రిస్టియన్ ఆసుపత్రి పేరు చెబితే రిక్షా వాళ్లు ఇప్పటికీ దారి అడగరు. మంచి సమరయుడి కథలో నాకెప్పుడూ నచ్చేది సత్రం వాడికి డబ్బిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్న మాట. దెబ్బలు తిన్నవాణ్ణి నీది ఏ మతమని అతను అడగలేదు.

మా రోజుల్లో స్త్రీల సమాజం వాళ్లు వంతులేసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చునేవారు. గోపాల్‌పూర్ నుంచి పురిటికి వచ్చిన పిల్ల భయపడకుండా తెలుగులో ధైర్యం చెప్పి, నర్సమ్మకి ఒడియాలో విషయం చెప్పేవారు. మగవాళ్లు సూరత్ మగ్గాల మీదకి పోతే, వాళ్ల పెళ్లాలకి ఉత్తరాలు రాసిపెట్టేవారు. ఫొటో తీసేవాళ్లెవరూ ఉండేవారు కాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు చాలా సంస్థలు దుప్పట్లు, బియ్యం తెచ్చాయి, మంచిదే. కానీ పరిహారం కాగితాలు నింపి, ఆఫీసు చుట్టూ మత్స్యకారుల వెంట తిరిగే మనుషులు అప్పటికే తగ్గిపోయారు. బియ్యం బస్తా పంచడానికి ఒక్క పూట చాలు, కాగితం పని తేలడానికి నెలలు పడుతుంది, అందుకే దానికి బ్యానరు ఎవరూ కట్టరు.

తప్పు మాదే తల్లీ. పిల్లలు పైకి రావాలని ఇంట్లో కూడా ఒడియా, ఇంగ్లీషే మాట్లాడాం. ఇప్పుడు మన సంఘం పిల్లల్లో చాలామందికి ఆ మత్స్యకారుల తెలుగు అర్థమవుతుంది, తిరిగి మాట్లాడాలంటేనే మొహమాటం. దానికి తోడు భయం కూడా ఉంది. 1967లోనే ఒడిశాలో బలవంతంగా గానీ, ఆశ చూపించి గానీ మతం మార్చకూడదని చట్టం వచ్చింది. సాయం చేస్తే ఏమంటారోనని కొందరు గుమ్మం దాటడమే మానేశారు. ఆశ చూపించకుండా చేసే సాయానికి భయం దేనికి? ప్రార్థనకి రమ్మని షరతు పెట్టకు, వాళ్ల దేవుణ్ణి తక్కువ చేయకు, కాగితం నింపి ఇంటికి రా. అంతే.

నువ్వక్కడ స్పానిష్ బాగా నేర్చుకో. ఆ డాక్టరు గదిలో పసివాడి బదులు నువ్వు నిలబడు. నీకు నూరేళ్లు. ఇక ఇక్కడి పిల్లల్లారా, మొహమాటం వదిలితే మీకు రెండు భాషలూ వచ్చు, ఫోనూ చేతిలోనే ఉంది. వారానికి ఒక్క పూట ఆసుపత్రి ఓపీ దగ్గర, నెలకోసారి ఆర్జిపల్లిలో కూర్చోండి. ఎవరు ముందొస్తారో నాకు చెప్పండి, మొదటి వారం నేనూ మీతో వస్తాను.

మీ అమ్మమ్మ,
బరంపురం